మస్కొవాడో బదులు మొలాసిస్: కుంగిపోయిన ప్లమ్ కేక్ కేస్ స్టడీ

హైదరాబాద్‌లో ఒక చిన్న బేకరీ. డిసెంబర్ అమ్మకాల కోసం చేసే ప్లమ్ కేక్‌లో డార్క్ మస్కొవాడో (శుద్ధి చేయని ముదురు గోధుమ రంగు చెరకు చక్కెర) వాడేవారు. సీజన్ మధ్యలో ఆ చక్కెర దొరక్కుండా పోయింది. సరుకు ఇచ్చే వ్యాపారి దాని బదులు నల్ల మొలాసిస్ (మిల్లులో చక్కెర గింజ తీయగా మిగిలే చిక్కటి పాకం) డబ్బాలు పంపాడు. మస్కొవాడోకి ఆ రంగూ వాసనా మొలాసిస్ వల్లే వస్తాయి కాబట్టి రెండూ ఒకటేనన్న లెక్కతో, 400 గ్రాముల చక్కెర తీసేసి 400 గ్రాముల మొలాసిస్ పోశారు. తక్కిన ఫార్ములాలో ఏదీ మార్చలేదు.

ఓవెన్‌లోంచి వచ్చిన కేకులకు పైభాగం బొగ్గు రంగుకు తిరిగింది. నడుమ గుంట పడింది. కోసి చూస్తే పండ్లన్నీ అడుగున ఒకే పొరగా పేరుకున్నాయి. వాటి పైన గుజ్జు బంకగా కత్తికి అంటుకుంది. తీపి తగ్గింది, మింగాక గొంతులో చేదు, లోహపు రుచి మిగిలాయి. మొదట ఓవెన్‌ను అనుమానించారు. విడిగా థర్మామీటర్ పెట్టి చూస్తే వేడి సరిగ్గానే ఉంది. బేకింగ్ పౌడర్ పాతదేమోనని వేడినీళ్లలో వేసి చూశారు, బాగానే పొంగింది. లోపం చక్కెర మార్పిడిలోనే ఉందని అప్పుడు తేలింది. అది ఒక్క లోపం కాదు, నాలుగు లోపాలు ఒకేసారి వచ్చిపడ్డాయి.

పాత ఫార్ములా ఇదీ: మైదా 500 గ్రాములు, వెన్న 400, డార్క్ మస్కొవాడో 400, పెంకు తీసిన గుడ్లు 400 (సుమారు 8 గుడ్లు), నానబెట్టి వడకట్టిన ఎండుపండ్లు 900, బేకింగ్ పౌడర్ 5, మసాలా పొడి 10, ఉప్పు 4 గ్రాములు, కొంచెం నారింజ తొక్కు తురుము. మొత్తం 2.6 కిలోల పైచిలుకు వస్తుంది. 6 అంగుళాల గుండ్రటి టిన్నులు మూడింటికి సర్దితే టిన్నుకు 870 గ్రాములు. వెన్న, చక్కెర గిలక్కొట్టి, గుడ్లు కొద్దికొద్దిగా కలిపి, చివర మైదా, పండ్లు మడతపెట్టే పద్ధతి.

గింజ ఎటు పోయింది, పాకం ఎటు మిగిలింది

చెరకు రసాన్ని సున్నంతో తేర్చి మరిగించి చిక్కబరిస్తే సుక్రోజ్ (మామూలు పంచదారలో ఉండే చక్కెర) గింజ కడుతుంది. కొంత పాకం గింజ కట్టకుండా మిగులుతుంది. ఆ గింజనూ ఈ పాకాన్నీ ఏం చేస్తారన్న దాన్ని బట్టే సరుకు మారిపోతుంది.

బెల్లంలో రెండింటినీ విడదీయరు. పెనంలో రసం మొత్తాన్నీ ముదరబెట్టి, దించి, దిమ్మగా పోస్తారు. మస్కొవాడోలో గింజ కట్టనిచ్చి పాకంలో కొంత భాగాన్ని కారిపోనిస్తారు, మిగతాది గింజ చుట్టూ పొరగా నిలిచిపోతుంది. చేత్తో నలిపితే తడి ఇసుకలా అంటుకునేది ఆ పొర వల్లే. చక్కెర మిల్లులో సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి గింజను పూర్తిగా వేరుచేసి, మిగిలిన పాకాన్ని మళ్లీ మరిగించి మళ్లీ గింజ తీస్తారు. మామూలుగా ఇలా మూడు దఫాలు జరుగుతుంది. ఇక మరిగించినా ఖర్చుకు తగ్గ గింజ రాదనుకున్న దశలో మిగిలేది నల్ల మొలాసిస్. ఒక్కో మరుగుకూ అందులో సుక్రోజ్ తగ్గుతూ, ఖనిజ లవణాలు, గ్లూకోజ్, ఫ్రక్టోజ్, సేంద్రియ ఆమ్లాలు, వేడికి పుట్టిన చేదు పదార్థాలు పోగుపడుతూ వస్తాయి.

మస్కొవాడోలో ప్రధానంగా ఉండేది గింజ. మొలాసిస్ అంటే ఆ గింజను తీసేయగా మిగిలింది. వాసన ఒకటే అయినా కేక్‌లో చేసే పని ఒకటి కాకపోవడానికి కారణం ఇదే.

అంకెల్లో చూద్దాం. మంచి డార్క్ మస్కొవాడోలో నీరు సుమారు 3 శాతం, చక్కెరలు అన్నీ కలిపి 90 శాతానికి పైమాటే, అందులో అధికభాగం సుక్రోజ్. ఖనిజ లవణాలు 2 శాతం ప్రాంతంలో ఉంటాయి. వంటకు అమ్మే మొలాసిస్‌లో నీరు 20 నుంచి 25 శాతం. చక్కెరలు గ్రేడును బట్టి 55 నుంచి 75 శాతం, అందులో మూడో వంతుకు తగ్గకుండా గ్లూకోజ్, ఫ్రక్టోజ్. ఖనిజ లవణాలు మామూలు రకంలో 4, 5 శాతం, మూడో మరుగు నల్ల రకంలో 10 శాతం దాకా. పీహెచ్ 5 నుంచి 5.5 మధ్య, అంటే ఆమ్ల గుణం ఉంది.

ముందు చేతిలో ఉన్నదేమిటో తేల్చుకోవాలి

ఈ కేసులో గంటలు పట్టిన పని ఇదే. నల్లగా, చిక్కగా ఉన్న ప్రతి సిరప్పూ మొలాసిస్ కాదు, గోధుమ రంగు చక్కెర ప్రతిదీ మస్కొవాడో కాదు.

గోధుమ రంగు చక్కెరల్లో ఎక్కువభాగం శుద్ధి చేసిన తెల్ల చక్కెరకు మొలాసిస్ తిరిగి పట్టించినవి. లేత రకానికి 3.5 శాతం, ముదురు రకానికి 6.5 శాతం మొలాసిస్ అన్నది అమెరికన్ తయారీలో వాడుక. కొన్నింట్లో మొలాసిస్ కూడా ఉండదు, కారమెల్ రంగు మాత్రమే ఉంటుంది. ప్యాకెట్ వెనక పదార్థాల వరుస చదివితే తెలిసిపోతుంది: "చక్కెర, మొలాసిస్" అని ఉంటే పట్టించినది, 150ఎ నుంచి 150డి దాకా ఏ అంకె కనిపించినా రంగు కలిపినది, "శుద్ధి చేయని చెరకు చక్కెర" అని ఒక్కటే ఉంటే మస్కొవాడో జాతిది. డెమెరారా అని అమ్మే పెద్ద గింజల చక్కెర వేరు. దానికి పాకం పొర పలచన, గింజ మొరటు, వెన్నలో సరిగా కలవదు. కేక్ లోపల కాదు, పైన చల్లుకోవడానికి బాగుంటుంది.

సిరప్పుల్లో తేడా ఇంకా ఎక్కువ. మిల్లులో గింజ తీయగా మిగిలినది మొలాసిస్. బ్రిటన్‌లో ట్రీకిల్ అనేది మొలాసిస్‌ను రిఫైనరీ సిరప్‌తో కలిపి రుచిని కాస్త మెత్తబరచినది. మహారాష్ట్రలో కాకవి అనేది చెరకు రసాన్ని బెల్లం దశకు ముందే దించిన పాకం. దాన్లోంచి గింజ తీయలేదు కాబట్టి తీపి ఎక్కువ, చేదు తక్కువ. జపాన్ ఒకినావాలో కొకుతో అనే నల్ల చక్కెరను నీళ్లలో కరిగించి కాస్తే కురొమిత్సు అనే సిరప్ అవుతుంది, అదీ మొలాసిస్ కాదు. ఇక మన బేకరీల్లో ప్లమ్ కేక్ నలుపు కోసం తరతరాలుగా వాడుతున్న మాడు పాకం మరో జాతి. పంచదారను పొడిగా మాడ్చి వేడినీళ్లు పోస్తే వస్తుంది, ఖనిజాలు దాదాపు ఉండవు, చేదు మాత్రం ఉంటుంది. ఈ అయిదూ గాజు సీసాలో పోసి వరుసగా పెడితే కంటితో చెప్పడం కష్టం.

తేల్చుకోవడానికి చేసిన పరీక్షలు మూడు. 10 గ్రాముల సరుకును 100 మిల్లీలీటర్ల వేడినీళ్లలో కరిగించి, చల్లార్చి, ఒక గుక్క తాగడం: ఉప్పన, లోహపు రుచి ముందుకొస్తే నల్ల మొలాసిస్, తీపి ముందుకొస్తే చెరకు పాకం, కేవలం మాడు చేదు అయితే కారమెల్. రెండోది బరువు: 100 మిల్లీలీటర్ల చిక్కటి మొలాసిస్ సుమారు 140 గ్రాములు తూగుతుంది. బాగా తగ్గితే నీళ్లు కలిపారని అర్థం. మూడోది రిఫ్రాక్టోమీటర్, అంటే ద్రవంలో కరిగి ఉన్న ఘనపదార్థం ఎంత శాతమో చూపే పరికరం. నల్ల సిరప్‌ను నేరుగా అందులో చూడలేం, కాబట్టి 50 గ్రాములకు 50 గ్రాముల నీళ్లు కలిపి, చల్లారాక చూసి, వచ్చిన అంకెను రెట్టింపు చేయాలి. ఖనిజాల వల్ల అంకె కొద్దిగా అటూ ఇటూ అవుతుంది, బేకరీ లెక్కకు అది పర్వాలేదు. ఇక్కడ 39 వచ్చింది, అంటే ఘనపదార్థం 78 శాతం, నీరు 22. రుచిలో లోహం స్పష్టంగా ఉంది. మూడో మరుగు రకమని తేలింది.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. చక్కెర మిల్లుల నుంచి పీపాల్లో వచ్చే మొలాసిస్ డిస్టిలరీలకూ పశువుల దాణాకూ పోయే సరుకు. మన దేశంలో ఎక్కువ మిల్లులు రసాన్ని గంధకపు పొగతో రెండుసార్లు తేరుస్తాయి, ఆ సల్ఫైట్లు మొలాసిస్‌లో మిగులుతాయి. పైగా మొలాసిస్ నిల్వ, రవాణా ప్రభుత్వ నియంత్రణలో ఉన్న వ్యవహారం. ధర తక్కువని దాన్ని కేకులో పోయకూడదు. ఆహార లైసెన్స్ నంబర్, గంధకం వాడలేదన్న మాట ఉన్న డబ్బానే కొనాలి. పూర్తయిన ఆహారంలో సల్ఫైట్ కిలోకు 10 మిల్లీగ్రాములు, అంతకు మించితే లేబుల్ మీద అలర్జీ వివరాల్లో రాయాల్సి ఉంటుంది.

మొదటి బ్యాచ్‌లో ఏం జరిగింది

నీటి లెక్క ముందు. 400 గ్రాముల మస్కొవాడోతో వచ్చే నీరు 12 గ్రాములు. 400 గ్రాముల మొలాసిస్‌తో వచ్చేది 88. తేడా 76 గ్రాములు. 50 గ్రాముల గుడ్డులో నీరు 38 గ్రాములు ఉంటుంది గనక, ఫార్ములాలో లేని రెండు గుడ్ల నీరు వచ్చి చేరింది, ఆ గుడ్లలోని మాంసకృత్తులు మాత్రం రాలేదు. పలచబడిన బ్యాటర్ పండ్లను మోయలేదు, అవి అడుగుకు దిగాయి.

రెండోది గాలి, నా ఉద్దేశంలో అసలు దెబ్బ ఇదే. ఈ పద్ధతిలో కేక్ పొంగేది ప్రధానంగా బేకింగ్ పౌడర్ వల్ల కాదు, గిలక్కొట్టినప్పుడు వెన్నలో చిక్కిన గాలి బుడగల వల్ల. కరగని చక్కెర గింజల అంచులు వెన్నను చీలుస్తూ గాలిని లోపలికి లాగుతాయి. బేకింగ్ పౌడర్ విడుదల చేసే వాయువు కొత్త బుడగలు పుట్టించదు, ఉన్న బుడగల్లోకే చేరి వాటిని పెంచుతుంది. సిరప్‌లో గింజ లేదు, కాబట్టి బుడగలూ లేవు. ఎంతసేపు తిప్పినా వెన్న, మొలాసిస్ మెరిసే ముద్దగా మారాయి తప్ప తెల్లబడి ఉబ్బలేదు. దాన్ని కొలవడం సులువు: ఒక స్టీలు గ్లాసులో అంచుదాకా నీళ్లు పోసి తూచి, అదే గ్లాసులో పండ్లు కలపని బ్యాటర్ పోసి తూచి, రెండింటిలోంచీ గ్లాసు బరువు తీసేసి, రెండోదాన్ని మొదటిదానితో భాగించాలి. మస్కొవాడో బ్యాటర్ 0.85 దగ్గర ఉంటే ఈ బ్యాటర్ 0.98. దాదాపు నీటి బరువు, అంటే లోపల గాలి బాగా తక్కువ.

మూడోది రంగు. సుక్రోజ్ నేరుగా మాంసకృత్తులతో కలిసి ఎర్రబడదు. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఎర్రబడతాయి. ఫ్రక్టోజ్ అయితే 110 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలోనే మాడటం మొదలెడుతుంది, సుక్రోజ్‌కు 160 దాటాలి. మొలాసిస్‌తో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఎక్కువగా వచ్చి చేరాయి గనక 160 డిగ్రీల ఓవెన్‌లో పైపొర ముందే నల్లబడింది. బ్యాటరే నల్లగా ఉండటంతో ఉడికిందో లేదో రంగు చూసి చెప్పే అవకాశం పోయింది. లోపల పచ్చిగా ఉండగానే టిన్నులు బయటికి తీశారు, నడుమ కుంగింది. నల్ల కేకులకు కంటిని నమ్మకూడదు. నడిమధ్య థర్మామీటర్ సూది గుచ్చితే 96 నుంచి 98 డిగ్రీలు చూపించాలి.

నాలుగోది ఆమ్లం, ఉప్పు. బేకింగ్ పౌడర్‌లో సోడాకు సరిపడా ఆమ్లం ముందే కలిపి ఉంటుంది. బయటి నుంచి మొలాసిస్ ఆమ్లం వచ్చి చేరితే సోడా కొంత గిన్నెలోనే ఖర్చయిపోతుంది, టిన్నులు ఓవెన్ ముందు వరుసలో నిలబడినంతసేపూ వాయువు పోతూనే ఉంటుంది. ఇక ఖనిజ లవణాలు: మస్కొవాడోతో సుమారు 8 గ్రాములు వచ్చేచోట ఈ రకం మొలాసిస్‌తో 40 గ్రాముల దాకా వచ్చాయి. లోహపు రుచి అక్కడిది. తీపి మాత్రం, 370 గ్రాముల చక్కెర ఉండాల్సిన చోట 220, 240 మధ్య పడిపోయింది.

ఇంట్లో కప్పులతో కొలిచేవాళ్లకు నష్టం ఇంకా పెద్దది. అదిమి నింపిన కప్పు మస్కొవాడో 200 నుంచి 220 గ్రాములు ఉంటే, అదే కప్పు మొలాసిస్ 330 దాటుతుంది. కప్పుకు కప్పు మారిస్తే బరువు ఒకటిన్నర రెట్లు అవుతుంది.

రెండో బ్యాచ్: సగం సగం

సహజంగా తోచే రాజీ, 200 మస్కొవాడో, 200 మొలాసిస్. దొరికిన కొద్ది మస్కొవాడోతో ఇది చేసి చూశారు. అదనపు నీరు 38 గ్రాములకు తగ్గింది. గుంట తగ్గింది, పోలేదు. ఆ నీటిని సర్దడానికి ఒక గుడ్డు తగ్గించమన్న సూచన వచ్చింది. అది తప్పు. ఒక గుడ్డు తీస్తే నీరు సరిపోతుంది గానీ కేక్‌ను నిలబెట్టే మాంసకృత్తులు కూడా పోతాయి, ఆ రోజు కోసిన ముక్కలు పొడిపొడిగా విరిగాయి. మైదా పెంచితే ముద్ద గట్టిపడుతుంది, గాలి మాత్రం రాదు. నీటిని విడిగా సర్దబోతే మిగతావి చెదురుతాయి. గింజ, నీరు, ఆమ్లం మూడూ ఒకేసారి పాత చోటికి చేరే నిష్పత్తి కావాలి.

మూడో బ్యాచ్: నిష్పత్తి దొరికిన తీరు

మస్కొవాడో అంటే గింజ చుట్టూ పాకం పొర కదా. అయితే గింజను గింజగా, పాకాన్ని పాకంగా విడివిడిగా ఇస్తే సరి. 350 గ్రాముల సన్న గింజ తెల్ల పంచదార, 50 గ్రాముల మొలాసిస్. లెక్క చూడండి: మొలాసిస్ నుంచి నీరు 11 గ్రాములు, మస్కొవాడో నుంచి వచ్చేది 12. ఘనపదార్థం 350, 39 కలిపి 389, మస్కొవాడోలో 388. ఖనిజాలు 5 గ్రాములు, గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కూడా పాత స్థాయికి దగ్గర. ఫార్ములాలో వేరే ఏదీ కదపనక్కర్లేదు. మొలాసిస్‌లో నీరు 22 శాతం ఉన్నప్పుడు కుదిరే నిష్పత్తి ఇది. పలచటి సిరప్ అయితే ఈ లెక్కే మళ్లీ వేసుకోవాలి.

కలిపే వరుస ముఖ్యం. వెన్న 20 డిగ్రీల దగ్గర ఉండాలి, వేలు నొక్కితే గుంట పడాలి గానీ మెరుపు రాకూడదు. ముందు పంచదార, వెన్న మాత్రమే 5, 6 నిమిషాలు గిలక్కొట్టాలి. తెల్లబడి ఉబ్బాక మొలాసిస్‌ను సన్నటి ధారగా పోసి ఒక్క నిమిషం తిప్పాలి. గుడ్లు ఆ తర్వాత, గది వేడికి వచ్చినవి, ఆరేడు విడతల్లో. ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్లు పోస్తే మిశ్రమం విరుగుతుంది. విరగడం మొదలైతే కొలిచిన మైదాలోంచి ఒక పెద్ద చెంచా వేసి ఆ గుడ్డు ఇమిడాక ముందుకు వెళ్లాలి. మొలాసిస్ మొదటే పోస్తే మళ్లీ మొదటి బ్యాచ్ కథే.

మొలాసిస్‌ను గిన్నెలో కొలిచి ఒంపితే గోడలకు అంటుకుని నాలుగైదు గ్రాములు తక్కువ పడుతుంది. 50 గ్రాముల్లో అది పెద్ద తేడా. గిన్నెను తక్కెడ మీద పెట్టి నేరుగా అందులోకే పోయడం మంచిది. చలికాలం గట్టిపడితే డబ్బాను గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు ఉంచాలి, పొయ్యి మీద కాదు.

బ్యాటర్ 0.82 తూగింది. తెల్ల పంచదార గింజ గట్టిది, మస్కొవాడో కంటే బాగా గాలిని పట్టింది. ఫలితంగా మొదటి టిన్ను పైన గుమ్మటంలా లేచి పగిలింది. బేకింగ్ పౌడర్ 5 నుంచి 4 గ్రాములకు తగ్గించాక పైభాగం చదునుగా నిలిచింది. ఓవెన్ 150 డిగ్రీలు, 80 నుంచి 90 నిమిషాలు, చివరి అరగంట పైన రేకు కప్పి. పండ్లు మధ్యలో నిలిచాయి.

రుచిలో మాత్రం ఒక వెలితి ఉంది. మొలాసిస్ మిల్లులో పలుమార్లు మరిగింది గనక దాని రుచి ఒకే వైపు, ముదురు చేదు వైపు వెళ్తుంది. మస్కొవాడోలో ఉండే పచ్చి చెరకు వాసన, వెన్న కాచినట్టుండే తీపి అందులో లేవు. ఆ వెలితిని పూడ్చడానికే బెల్లం వచ్చింది.

బెల్లం ఎక్కడ పనికొచ్చింది, ఎక్కడ కాదు

మస్కొవాడోకి మన దగ్గర అసలైన దగ్గరి చుట్టం బెల్లమే. అనకాపల్లి వంటి మార్కెట్ ఉన్న చోట దిగుమతి చక్కెర కోసం ఎదురుచూడాల్సిన పనిలేదు. కానీ మన వంటింటి అలవాటు ఒకటి కేక్‌కు అడ్డం వస్తుంది. ఇసుక, పీచు ఉంటాయని బెల్లాన్ని నీళ్లలో కరిగించి వడకడతాం. అరిసెలకు, పొంగలికి అది సరైన పని. కేక్‌కు మాత్రం ఆ క్షణమే బెల్లం గింజ పోయి సిరప్ అయిపోతుంది. 400 గ్రాముల బెల్లాన్ని 100 గ్రాముల నీళ్లలో కరిగిస్తే 20 శాతానికి పైగా నీరున్న నల్ల సిరప్ చేతికొస్తుంది, మొలాసిస్‌తో వచ్చిన నీటి సమస్య, గాలి సమస్య రెండూ తిరిగొస్తాయి.

అందుకే ఎండు బెల్లం పొడి, ముందే శుభ్రం చేసి చేసినది, సన్న జల్లెడ పట్టి వాడాలి. కొనేముందు ఒక చెంచా గాజు గ్లాసులో కరిగించి అరగంట వదిలితే అడుగున మట్టి ఎంతో కనిపిస్తుంది. ఆహార ప్రమాణాల ప్రకారం బెల్లంలో తేమ మినహాయించి మొత్తం చక్కెరలు 90 శాతానికి, సుక్రోజ్ 60 శాతానికి తగ్గకూడదు. ఆ 60కీ 90కీ మధ్య ఎంతో తేడా ఉంది. సుక్రోజ్ తక్కువగా ఉన్న బెల్లం తేమ పీల్చి చెమరుస్తుంది, గింజ మెత్తన, కేక్ బంకగా వస్తుంది. పిడికిట నొక్కి వదిలితే పొడిగా రాలిపోయే బెల్లం కావాలి, ముద్ద కట్టేది వద్దు.

రంగు విషయంలో రెండు వైపులా మోసపోవచ్చు. పసుపుపచ్చగా మెరిసే బెల్లంలో రంగు తేల్చడానికి హైడ్రోస్ అనే గంధకపు రసాయనం వేసి ఉండొచ్చు, దాని గంధకపు వాసన వేడి కేకులో బయటపడుతుంది. అలాగని నల్లగా ఉన్నదల్లా మేలైనదీ కాదు. తెలుగు రాష్ట్రాల్లో నల్లబెల్లం పేరుతో తిరిగే సరుకులో పెద్ద భాగం నాటుసారా కోసం పోయేది, ఎక్సైజ్ దాడుల్లో పట్టుబడేది. తినడానికి తగిన శుభ్రతతో దాన్ని చేయరు. కేక్‌కు కావాల్సింది మధ్యస్థ గోధుమ రంగు.

చివరికి నిలిచిన ఫార్ములా: సన్న పంచదార 250 గ్రాములు, ఎండు బెల్లం పొడి 100, మొలాసిస్ 50, బేకింగ్ పౌడర్ 4, ఉప్పు 3. బెల్లంలో తేమ 5 శాతం అనుకున్నా మొత్తం నీరు 16 గ్రాములు, పాతదానికి నాలుగు గ్రాముల తేడా, కేకుకు తెలియదు. పంచదార, బెల్లం పొడి కలిపే గిలక్కొట్టొచ్చు. బ్యాటర్ 0.84 దగ్గర నిలిచింది. మస్కొవాడో కేక్, ఈ కేక్ పక్కపక్కన పెట్టి రుచి చూసినప్పుడు రంగు ఒక్క మెట్టు తక్కువన్నది తప్ప అభ్యంతరం రాలేదు. ఆ మెట్టు కోసం మాడు పాకం ఒక చెంచా చాలు, మొలాసిస్ పెంచకూడదు.

మొలాసిస్ తనంతట తాను నిలిచే చోటు

మొలాసిస్ నాసిరకం సరుకేమీ కాదు. దాని గుణాలే కావాల్సిన వంటకం ఇస్తే మస్కొవాడో ఆ పని చేయలేదు. అల్లం కేక్ అందుకు మంచి ఉదాహరణ. అందులో గిలక్కొట్టడం ఉండదు, వాయువు మొలాసిస్ ఆమ్లానికి వంటసోడా తగలడం వల్ల పుడుతుంది. వెన్న 120 గ్రాములు, మస్కొవాడో లేదా బెల్లం పొడి 120, మొలాసిస్ 170 సన్నసెగన కరిగించి, గోరువెచ్చగా చల్లార్చి, పాలు 150 మిల్లీలీటర్లు, గుడ్లు రెండు కలిపి, మైదా 250, శొంఠిపొడి 10, వంటసోడా 5 గ్రాములు జల్లించి వేసి, గడ్డలు లేకుండా కలిపి వెంటనే 8 అంగుళాల చదరపు టిన్నులో 160 డిగ్రీల దగ్గర 45, 50 నిమిషాలు పెట్టాలి. వెంటనే అన్నమాట పట్టించుకోవాలి, సోడా తడి తగిలిన క్షణం నుంచే పనిచేస్తుంది. బేకింగ్ పౌడర్ ఫార్ములాలోకి మొలాసిస్ గణనీయంగా వెళ్తున్నప్పుడు 100 గ్రాముల మొలాసిస్‌కు 0.7 నుంచి 1 గ్రాము వంటసోడా చొప్పున ఆమ్లం తేలుతుందని గుర్తుపెట్టుకుంటే మిగతా సర్దుబాటు సులువు. 1 గ్రాము సోడా చేరినచోట బేకింగ్ పౌడర్ 3 గ్రాములు తగ్గించొచ్చు.

తిరగేసి, సిరప్ కావాల్సిన చోట మస్కొవాడో మాత్రమే ఉంటే దాన్నే పాకం పట్టొచ్చు. 400 గ్రాముల చక్కెర, 150 గ్రాముల నీళ్లు, ఒక చిన్న చెంచా నిమ్మరసం, సన్నసెగ మీద 110 డిగ్రీల దాకా. మన లెక్కలో తీగపాకం మొదలయ్యే చోటు. నిమ్మరసం మానేస్తే రెండు రోజుల్లో సీసా అడుగున గింజ కడుతుంది, ఎందుకంటే గది వేడిలో నీరు నిలుపుకోగలిగే సుక్రోజ్ 67 శాతమే, ఈ పాకంలో 78 దాకా ఉంది. నిమ్మ ఆమ్లం సుక్రోజ్‌లో కొంత భాగాన్ని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడగొట్టి గింజను ఆపుతుంది. ఈ సిరప్ తీపి ఎక్కువ, చేదు తక్కువ, ఆమ్లం కూడా తక్కువ. కాబట్టి అల్లం కేక్‌లో వాడితే వంటసోడా 5 నుంచి 4 గ్రాములకు దించాలి, లేకపోతే సబ్బు రుచి తగులుతుంది.

నిల్వ, లేబుల్

మస్కొవాడో ఆరితే రాయి అవుతుంది, పాకం పొర ఎండి గింజలను అతికిస్తుంది. తడిపి పిండిన చిన్న గుడ్డను మూతకు లోపలివైపు ఒక రాత్రి ఉంచితే మళ్లీ వదులవుతుంది. వానాకాలంలో సమస్య తలకిందులు, సంచి అడుగున పాకం ఊరుతుంది. గాలి చొరని డబ్బా రెంటికీ మందు. మొలాసిస్ మూత అంచున పేరుకున్నదాన్ని తుడవకపోతే అక్కడ తేమ చేరి బూజు పుడుతుంది, డబ్బా లోపలిది బాగానే ఉంటుంది.

మొలాసిస్ ఉన్న కేక్ రెండో రోజుకు పైన జిగురుగా అవుతుంది. అది చెడిపోవడం కాదు, ఫ్రక్టోజ్ గాలిలోని తేమను పీలుస్తోంది. కానీ వేడి పూర్తిగా పోకముందే కవరు చుడితే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. కనీసం ఆరు గంటలు జాలీ మీద ఆరనివ్వాలి.

బేకరీ వాళ్లు లేబుల్ మీద ఇనుము పుష్కలమని రాద్దామా అని అడిగారు. 100 గ్రాముల మామూలు మొలాసిస్‌లో ఇనుము సుమారు 4.7 మిల్లీగ్రాములు. ఈ ఫార్ములాలో వేసేది 50 గ్రాములు, అంటే 2.6 కిలోల కేకు మొత్తానికి దాన్నుంచి వచ్చేది 2.4 మిల్లీగ్రాములు. నల్ల రకంలో ఎక్కువే ఉన్నా ముక్కకు వచ్చేసరికి లెక్కలోకి రాదు. చక్కెర వ్యాధి ఉన్నవాళ్లకు మస్కొవాడో, బెల్లం, మొలాసిస్ ఏదీ మినహాయింపు కాదు కాబట్టి "చక్కెర లేని" అన్న మాట కూడా వేయకూడదు. పదార్థాల వరుసలో పంచదార, బెల్లం, మొలాసిస్ మూడింటినీ విడివిడిగా, బరువు క్రమంలో రాసి ఆ లేబుల్‌తోనే కేకులు అమ్మకానికి వెళ్లాయి.